రెండువందల పదమూడో వస్తువు

కదలకుండా కూర్చున్నవాడు లేనట్టేనన్న సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దాన్ని కాగితం మీద పెట్టి, నంబరు వేసి, కింద సంతకం చేయించవచ్చన్న ఆలోచన మాత్రం ఎన్నడూ రాలేదు. అలాంటి ఆలోచన రావాలంటే మనిషి డైరెక్టరై ఉండాలి, మూడు రోజుల శిక్షణకు రాజధాని వెళ్ళి రావాలి. నేను ఎక్కడికీ వెళ్ళను. తెర ముందు కూర్చుని ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో చూస్తాను. నాకు జీతం ఇచ్చేది అందుకే.

ఉప్పువలస రాడార్ స్టేషన్ సముద్రం పక్కన చిన్న కొండ మీద ఉంది. కొండ కింద హైవే. లారీ హారన్ కొట్టుకుంటూ వస్తున్నప్పుడు ఆ మోత సన్నగా, పైస్థాయిలో ఉంటుంది. మనల్ని దాటగానే జారిపోయి బొంగురుపడుతుంది. లారీ అదే, హారన్ అదే. వచ్చేటప్పుడు అలలు ఒకదాన్నొకటి తోసుకుంటూ దగ్గరపడతాయి, పోయేటప్పుడు సాగుతాయి. మా యంత్రం ఆధారపడేదీ దీని మీదే. ఆకాశంలోకి రేడియో అలని విసురుతుంది. అది విమానానికి తగిలి వెనక్కి వస్తుంది. బిగిసి వస్తే విమానం మన వైపు వస్తోంది, సాగి వస్తే దూరమవుతోంది. వచ్చేది తెర మీద ఆకుపచ్చ చుక్క, పోయేది ఎర్ర చుక్క. కొండలూ, తాటిచెట్లూ, లైట్‌హౌసూ కూడా అలని తిప్పి పంపుతాయి, కానీ విసిరిన అల విసిరినట్టే వస్తుంది గనక యంత్రం వాటిని ఏరి పారేస్తుంది. నత్తలా కదిలేవాటినీ పారేస్తుంది. ఒకే దూరంలో ఉండి మన చుట్టూ తిరిగే విమానం రావడమూ లేదు, పోవడమూ లేదు కాబట్టి అదీ కనిపించదు.

ఇరవై ఏళ్ళు ఈ పని చేశాక మనుషుల్ని మరోలా చూడటం కష్టం. నాకు రెండు పెళ్ళి సంబంధాలు వచ్చాయి. రెండూ వచ్చిన వేగంతోనే వెళ్ళాయి. రెండుసార్లూ నేను కుర్చీలోంచి లేవలేదు. అది బిడియమని మా అక్క అంది. భయమని నాకు తెలుసు. ఎవరైనా నా వైపు వస్తుంటే వాళ్ళు ఎప్పుడు తిరిగి వెళ్ళిపోతారా అని ముందే లెక్క వేసుకుంటాను, ఆ లెక్క తేలేలోగా వాళ్ళు వెళ్ళిపోతారు.

హైమవతి గారు మాత్రం రాలేదు, పోలేదు. డైరెక్టరు గది గుమ్మం పక్కన నా బల్ల. దానికి ఎదురుగా ఏడడుగుల దూరంలో ఆవిడ బల్ల. ఏడడుగులని కొలిచి చెప్పడం లేదు, నా అడుగులతో ఏడుంటాయని అంచనా, వేసి చూడలేదు. చుట్టుపక్కల స్టేషన్ల నుంచి ఫోను వస్తే ఏ విమానం ఎక్కడ బయలుదేరిందో, ఎటు తిరిగిందో రాసుకోవడం ఆవిడ పని. ఫోను తీగ మూరెడు. అందుచేత ఉదయం తొమ్మిదికి కూర్చుంటే సాయంత్రం అయిదుకి లేస్తారు. పదకొండేళ్ళుగా పది గంటలకి ఇద్దరమూ టీ తాగుతాం, ఎవరి బల్ల దగ్గర వాళ్ళం. "ఇవాళ అల్లం ఎక్కువైందండీ" అంటారు ఆవిడ. "అవునండీ" అంటాను నేను. ఇంతకంటే మాట్లాడుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నేను లెక్కపెట్టాను కూడా.

మా డైరెక్టరు చక్రధరం గారు శిక్షణ నుంచి తిరిగొచ్చిన రోజు అందరినీ హాల్లో నిలబెట్టి ప్రసంగించారు.

"ఇన్నాళ్ళూ మనం ఆకాశాన్ని చూశాం. మనల్ని మనం చూసుకున్నామా? శత్రు విమానం ఎంత వేగంతో వస్తోందో క్షణంలో చెప్పగల ఈ సంస్థకు, తన గుమాస్తా తన వైపు వస్తున్నాడో పోతున్నాడో తెలియకపోవడం సిగ్గుచేటు కాదా?"

సిగ్గుచేటేనని అందరూ తల ఊపారు. మర్నాడు ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికీ తెలియజేయడమేమనగా, హాజరు అనునది ఒక స్థితి మాత్రమే. స్థితి వలన ప్రగతి కలుగదు. కావున నేటి నుండి హాజరుపట్టీ రద్దు చేయబడినది. ఇకమీదట ప్రతి ఉద్యోగి యొక్క దిశ మాత్రమే పరిగణింపబడును. డైరెక్టరు వైపు కదలిక పురోగమనముగాను, తద్విరుద్ధ కదలిక తిరోగమనముగాను నమోదగును."

కుర్రకారుకి నేర్పడానికి కొనిపెట్టిన చిన్న రాడార్ ఒకటి స్టోరు గదిలో ఉంటే దాన్ని చక్రాల బండి మీద పెట్టి డైరెక్టరు గుమ్మం ముందు, నా బల్లకి అవతల నిలబెట్టారు. దాని మూతి హాలు వైపు. తెర ఒకటి నా దగ్గర, ఇంకోటి డైరెక్టరు గదిలో. నేను యంత్రం వెనక ఉంటాను కాబట్టి దానికి కనబడను. రోజూ సాయంత్రం నివేదిక రాసి సంతకం పెట్టడం నా బాధ్యత. పదిమంది నన్ను అదృష్టవంతుణ్ణన్నారు. నిజంగానే నాకు హాయిగా అనిపించింది. చూడటం, కనబడకపోవడం, నేను కోరుకున్న జీవితం అదేనేమో.

మొదటి రోజు పదకొండు గంటలకల్లా ముప్పై ఎనిమిది మంది డైరెక్టరు గుమ్మం దగ్గర చేరారు. వచ్చినవాడు వెనక్కి వెళ్ళడు, వెళ్తే ఎర్ర చుక్క. మధ్యాహ్నానికి వాళ్ళ మీద వాళ్ళు పడి లోపలికి గాలి ఆడక డైరెక్టరు గారే కిటికీలోంచి బయటికి రావలసి వచ్చింది. దీన్ని ఆయన తొలి విజయంగా హెడ్డాఫీసుకి రాశారు.

చిక్కు విడదీసినవాడు సెక్షన్ క్లర్కు లింగమూర్తి. మూడో రోజు చూస్తే అతను డైరెక్టరు గది వైపే ముఖం పెట్టి, చేతులు కట్టుకుని, హాలు మధ్యలో బొమ్మలా నిలబడి ఉన్నాడు. పావుగంట తర్వాత చూస్తే ఒక గజం వెనక ఉన్నాడు.

"లింగమూర్తీ, ఏం చేస్తున్నావయ్యా?"

"సీటుకి వెళ్తున్నాను గురువుగారూ," అన్నాడు పెదవులు కదపకుండా. "మాట్లాడించకండి. మాట్లాడితే వేగం పెరుగుతుంది."

నత్తలా కదిలేవాటిని యంత్రం పారేస్తుందన్న సంగతి అతను కనిపెట్టేశాడు. సీటుకి వెళ్ళడానికి గంటన్నర, సీటు నుంచి గుమ్మం దాకా పరుగెత్తడానికి అయిదు క్షణాలు. రోజుకు నాలుగుసార్లు పురోగమనం, ఒక్క తిరోగమనం కూడా లేదు. వారం తిరక్కుండా హాలంతా అదే పద్ధతి. ఒకే దూరంలో చుట్టూ తిరిగితే కనబడమని కూడా ఎవరో చెప్పారు. నేల మీద సుద్దముక్కతో అర్ధచంద్రాకారంగా గీతలు వెలిశాయి. మంచినీళ్ళ కుండ నుంచి కిటికీకీ, కిటికీ నుంచి వరండాకీ జనం ఆ గీతల మీద పక్కలకి నడిచారు, ఇసుకలో పీతల్లాగా. సాయంత్రం ఇంటికి పోవడమంటే డైరెక్టరు నుంచి దూరమవడం కదా అన్న సంకటం వచ్చినప్పుడు చక్రధరం గారే మార్గం చూపారు. అయిదింటికి ప్యూను సింహాద్రి రాడార్ బండిని గేటు దాకా లాగేవాడు. డైరెక్టరు గారు దాని పక్కన నిలబడేవారు. అందరూ ఆయన వైపు, అంటే ఇంటి వైపు, ఉత్సాహంగా పురోగమించేవారు.

పని ఎవరు చేస్తున్నారని ఎవరూ అడగలేదు. హైమవతి గారు చేస్తున్నారు.

రెండో వారంలో డైరెక్టరు గారు తెర చూసుకుంటూ బయటికి వచ్చి ఆవిడ బల్ల ముందు నిలబడ్డారు.

"ఈ సీటు ఎన్నాళ్ళ నుంచి ఖాళీగా ఉంది?"

"నేనిక్కడే ఉన్నానండీ," అన్నారు హైమవతి గారు, రిసీవరు భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి.

"వినిపిస్తోంది. కాని యంత్రం ఒప్పుకోవడం లేదు."

"యంత్రాన్ని కాస్త ఆగమనండి. బొబ్బిలి లైన్లో ఉంది."

డైరెక్టరు గారు నా వైపు తిరిగారు. "భుజంగరావు గారూ, మీ నివేదికల్లో ఈవిడ విషయం ఏమని రాస్తున్నారు?"

"శూన్యమని సార్."

"ఎన్ని రోజులుగా?"

"తొమ్మిది రోజులుగా సార్."

"మీ సంతకంతో?"

"నా సంతకంతోనే సార్."

ఆయన తృప్తిగా తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు. హైమవతి గారు రాసుకుంటున్న కలం ఆపి మొదటిసారి నన్ను నేరుగా చూశారు.

"రోజూ నన్ను చూస్తూనే శూన్యమని రాశారా?"

"తెర మీద ఉన్నదే రాయాలండీ."

"అదీ నిజమే లెండి," అని మళ్ళీ రాసుకోవడంలో పడ్డారు. ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేదని ఆ రాత్రంతా అనుకున్నాను. కోపమంటే అందులో ఎంతో కొంత మన వైపు రావడం ఉంటుంది.

మర్నాటి ఉత్తర్వు క్లుప్తంగా ఉంది. హాల్లో నిశ్చలముగా ఉన్న సమస్తమునూ డెడ్ స్టాక్ రిజిస్టరులోకి ఎక్కించి, నంబర్లు వేయించి, సోమవారం లారీలో సెంట్రల్ స్టోర్సుకి పంపించవలెను. సెంట్రల్ స్టోర్సు నూటయాభై మైళ్ళ అవతల. నూటపదకొండు కుర్చీలు, డెబ్భైనాలుగు బల్లలు, గడియారాలు, దుమ్ముపట్టిన టైపు మిషన్లు అన్నీ వరసగా జాబితాకెక్కాయి. రెండువందల పన్నెండు: ఇనప అల్మారా, ఒక తలుపు లేదు. రెండువందల పదమూడు: హైమవతి, కళ్ళజోడుతో సహా. స్థితి: బాగున్నది. కొండ కూడా నిశ్చలమే గనక దాని సంగతి హెడ్డాఫీసు పరిశీలనలో ఉందని కింద గమనిక.

"కాస్త కదలండి," అన్నాను ఆ రోజు టీ దగ్గర. అల్లం ప్రస్తావన రాకముందే అన్నాను, నాకే ఆశ్చర్యమేసింది. "కుర్చీలో ముందుకి వెనక్కి ఊగినా చాలు. యంత్రం పట్టేస్తుంది."

"నలభై రెండేళ్ళొచ్చాయి, నన్ను ఉయ్యాల ఊగమంటారా? నేను ఊగుతూ రాస్తే ఆ విమానం బొబ్బిలి నుంచి వచ్చిందో బరంపురం నుంచి వచ్చిందో రేపు ఎవరికి తెలుస్తుంది?"

"లారీ ఎక్కించేస్తారండీ."

"ఎక్కిస్తే ఎక్కుతాను. అల్మారాతో వెళ్తే తోడుగానే ఉంటుంది. అది కూడా పెద్దగా మాట్లాడదు, నాకు అలవాటే." టీ గ్లాసు కింద పెట్టి ఉన్నట్టుండి చెయ్యి ఎత్తారు. "వినండి."

కిటికీలోంచి విమానం మోత. నేను పెద్ద రాడార్ తెర చూశాను. ఏమీ లేదు.

"తెర ఖాళీగా ఉందండీ."

"ఆ మోత హెచ్చడం లేదు, తగ్గడం లేదు. చుట్టూ తిరుగుతున్నాడు. కొండ అవతలి రన్‌వే మీద పశువులున్నాయని ఎవరో ఆగమన్నారు, తర్వాత అందరూ గీతల మీద నడవడంలో పడి మర్చిపోయారు. ఇరవై నిమిషాలైంది." ఆవిడ ఫోను తిప్పుతూ, నా వైపు చూడకుండా అన్నారు: "ఎంతసేపని తిరుగుతాడు పాపం. తనంతట తాను దిగడు. ఎవరో ఒకరు దిగమనాలి కదా."

ఫోన్లో చెప్పారు. పశువుల్ని తోలారు. విమానం తిరుగుడు మాని మా వైపు తిరిగింది, అప్పుడు తెర మీద ఆకుపచ్చ చుక్క పుట్టింది. డైరెక్టరు గారు గదిలోంచి పరుగున వచ్చి, "చూశారా! ఆకాశంలో కూడా మన విధానం ప్రభావం!" అన్నారు. నేను చుక్కనే చూస్తూ ఉండిపోయాను. నేల మీద చక్రాలు ఆనిన మోత వినిపించేదాకా ఆవిడ రిసీవరు దించలేదు.

శుక్రవారం హెడ్డాఫీసు నుంచి కమిటీ వచ్చింది. అధ్యక్షుడు అచ్యుతం గారు. ఏ మాటైనా రెండుసార్లు అని, రెండోసారి తానే మెచ్చుకుంటారు. కమిటీ అంతా డైరెక్టరు గదిలో తెర ముందు కూర్చుని తలుపు వేసుకున్నారు. హాల్లో సిబ్బంది పరుగులకి సిద్ధంగా ఉన్నారు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. రావడమంటే ఏమిటి? మధ్య దూరం తగ్గడం. అది అటువైపు నుంచే తగ్గాలని అల ఎక్కడా చెప్పదు. లారీ ఆగి ఉన్నా మనం దాని వైపు పరుగెత్తితే హారన్ సన్నబడుతుంది. హైమవతి గారు కదలనక్కర్లేదు, రాడార్ కదిలితే చాలు. ఇరవై ఏళ్ళుగా తెలిసిన ముక్కే. దీన్ని నా విషయంలో ఒక్కసారి కూడా వాడుకోలేదు.

లేచి బండి వెనక్కి వెళ్ళి రెండు చేతులతో ఆవిడ వైపు తోశాను. ఆవిడ రాస్తూనే ఉన్నారు. బండి కిర్రుమంటూ రెండడుగులు, మూడడుగులు వెళ్ళింది. లోపల తెర మీద హైమవతి గారు ఆకుపచ్చగా వెలిగి ఉంటారు. ఆవిడతో పాటు ఆవిడ బల్ల, కుర్చీలన్నీ, అల్మారాలన్నీ, గడియారం, ఎదుటి గోడ కూడా.

లోపలి నుంచి చప్పట్లు వినిపించాయి. తలుపు తెరుచుకుంది.

"అద్భుతం!" అన్నారు అచ్యుతం గారు. "అల్మారాలు కూడా డైరెక్టరు వైపు వస్తున్నాయి. అల్మారాలు కూడా! నా సర్వీసులో ఇంతటి క్రమశిక్షణ చూడలేదు."

"హైమవతి గారు కూడా వచ్చారు కదా సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "తెర మీద కనిపించారు. అంటే ఆవిడ ఉన్నట్టే కదా సార్."

ఆయన కాగితం చూసుకున్నారు. "రెండువందల పదమూడా? వచ్చింది. అయితే రెండువందల పన్నెండో నంబరు అల్మారాతో సరిగ్గా సమానమైన వేగంతో వచ్చింది. ఒకే దిశ, ఒకే వేగం. కనుక ఒకే వర్గం. జాబితా సరిగానే ఉంది. చాలా సరిగ్గా ఉంది."

"అది కాదు సార్. కదిలింది రాడార్. నేనే తోశాను."

వెనక్కి జరుగుతున్న లింగమూర్తి పూర్తిగా ఆగిపోయాడు.

"రాడార్ కదలదయ్యా," అన్నారు అచ్యుతం గారు, పసివాడికి చెప్పినట్టు. "రాడార్ చూస్తుంది. మిగతావి కదులుతాయి."

"పైగా రాడార్ ఒకరి వైపు జరగడమంటే పక్షపాతం అనిపించుకుంటుంది," అన్నారు చక్రధరం గారు. "మీ మీద అలాంటి అపవాదు రావడం నాకిష్టం లేదు భుజంగరావు గారూ. బండిని యథాస్థానంలో పెట్టండి."

పెట్టాను. పెడుతున్నప్పుడు హైమవతి గారు తలెత్తి బండినీ, బండి వెనక నన్నూ చూశారు. "మూడడుగులు వచ్చినట్టున్నారే," అన్నారు మెల్లగా. అంతే. మిగిలిన నాలుగూ ఆ శని ఆదివారాలు గదిలో పడుకుని నేను చాలాసార్లు వేశాను. మనసులో వేసే అడుగులకి ఏ యంత్రమూ రంగు ఇవ్వదు.

సోమవారం ఉదయం లారీ వచ్చి గేటు బయట ఆగింది. సింహాద్రి తెల్లరంగు డబ్బా, కుంచె పట్టుకుని వరసగా నంబర్లు వేసుకుంటూ వచ్చాడు. అల్మారాకి 212 వేసి, ఆవిడ ముందు నిలబడి తల గోక్కున్నాడు.

"ఏటి సెయ్యమంటారమ్మా? ఎక్కడ రాయాల? నాకు సేతులాడ్డం నేదు."

"నీ తప్పేముంది సింహాద్రీ. భుజం మీద రాయి, పాత చీరే కట్టుకొచ్చాను. అక్కడ స్టోర్సులో ఫోను ఉందట్రా?"

"ఉంటే ఉండొచ్చమ్మా. మన ఫోనూ ఆ లారీలోనే ఎల్తంది. అదీ కదల్దంట గదా." కుంచె డబ్బా అంచుకి ఆనించి కారుతున్న రంగు దులిపాడు. "ఇక్కడ ఇమానాలు ఎవులు రాస్తారో, సూరీడికే తెలాల."

రంగు వాసన నా బల్ల దాకా వచ్చింది. ఆవిడ భుజం మీద సింహాద్రి కుంచె రెండు వేసింది, ఒకటి వేసింది. నేను తెర వైపు చూశాను. అక్కడ ఏమీ జరగడం లేదు. తెరలో లేనిదాన్ని ఇన్నేళ్ళూ ఎంత శ్రద్ధగా చూడకుండా ఉన్నానో ఆ మూడో అంకె పూర్తయ్యేలోగా నాకు అర్థమైంది. లేచాను. యంత్రం వెనకనుంచి ముందుకి వచ్చాను. సుద్దగీతలన్నీ అడ్డంగా దాటుకుంటూ తిన్నగా నడిచాను, మామూలు మనిషి నడిచే వేగంతో.

డైరెక్టరు గదిలోంచి కేక వినిపించింది. "ఎవరది? ఎవరా తిరోగమనం? నేరుగా! ఇంత ఎర్ర చుక్క ఎప్పుడూ చూడలేదే!"

ఏడడుగులు కాదు, ఆరే. అంచనా తప్పింది.

పక్కనున్న కుర్చీని లాక్కుని ఆవిడ బల్ల దగ్గర కూర్చున్నాను. లోపలి నుంచి మళ్ళీ గొంతు, ఈసారి అయోమయంగా: "పోయాడు. తెర మీద లేడు. భుజంగరావు గారూ, ఎవరో మాయమయ్యారు, రాసుకోండి!"

"ఇప్పుడు మీరూ కనబడరు మరి," అన్నారు హైమవతి గారు.

"తెలుసండీ."

ఆవిడ టీ గ్లాసుని బల్ల మధ్యకి జరిపారు. "అల్లం ఎక్కువైంది చూడండి."

"సింహాద్రీ," అన్నాను, "తర్వాతి నంబరు ఎంత?"

"రెండొందల పద్నాలుగు బాబూ."

చొక్కా ముడతలు లేకుండా సరిచేసుకుని, భుజాన్ని కుంచె వైపు తిప్పాను.